పటముమీద మిగిలిన జిగురు

ధ్యాన భాగములు: 2 కొరింథీయులకు 2:5–11, మత్తయి 13:24–30



పాత ఫోటోను పటము కట్టించుటకు ముందు దానిమీద ఎండిపోయిన జిగురును ఏమి చేయవలెను? ఇది పటములు కట్టు అంగడివాడు తేల్చవలసిన సంగతియే గాని సంఘ పత్రికలో వ్రాయదగినది కాదని కొందరు తలంచవచ్చును. మేమును మొదట అట్లే తలంచితిమి. అయితే యీ చిన్న ప్రశ్న మా సంఘ పెద్దల కూటమునకు వచ్చినప్పుడు, దానికి ఉత్తరము చెప్పుటకు మాకు మూడు కూటములు పట్టినవి. ఆ మూడింటిలో ఫోటోలను గూర్చి కొంతయు, క్షమాపణను గూర్చి మరికొంతయు నేర్చుకొంటిమి. ఆ సంగతిని మీతో పంచుకొనుట మేలని తోచినది.

మన సంఘములకు పాత ఫోటో ఎంత విలువైనదో ముందుగా ఆలోచింతము. ఆంతోనీ నారిస్ గ్రోవ్స్ గారి పిలుపు నందుకొని బౌడెను దొరగారును బీరు దొరగారును 1836లో ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చి, తరువాత నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్త పని ఆరంభించిరి. ఫోటో తీయు విధానము పారిస్ నగరములో లోకమునకు వెల్లడియైనది 1839లో. అది మన పల్లెలకు వచ్చుటకు ఇంకను అనేక సంవత్సరములు పట్టెను. కావున ఈ గోదావరి లంకలలో మొదట ప్రభువును నమ్మినవారిలో అనేకుల ముఖములు మనకు తెలియవు. కొందరి పేర్లు తెలియును, ముఖములు తెలియవు. తరువాతి తరములవారి ముఖము ఒక్కటి మనకు దక్కినదనగా, వరదలను, తుపానులను, చెదలను తప్పించుకొని ఒక కాగితపు ముక్క నిలిచినదన్నమాట. దానిని చేత పట్టుకొనుటలో భయమును భక్తియు ఉండవలెను.

మా గ్రామము రాజోలు ప్రాంతములోనిది. 1961లో మా పాత మందిరమునకు తాటాకు కప్పు తీసివేసి బెంగుళూరు పెంకులు వేసిన దినమున, నర్సాపురమునుండి ఒక ఫోటోగ్రాఫరు సఖినేటిపల్లి రేవు దాటి వచ్చి, సంఘమంతటిని మందిరము ఎదుట నిలిపి ఫోటో తీసెను. పురుషులు వెనుక నిలువబడిరి. పెద్దలును స్త్రీలును బల్లలమీద కూర్చుండిరి. పిల్లలు నేలమీద కూర్చుండిరి. మాలో ఇద్దరము ఆ నేలమీది పిల్లలలోనివారమే.

ఆ ఫోటోలో రెండవ వరుసలో కుడివైపున ఒకరికి ముఖము లేదు. చొక్కాయు కండువాయు కనబడును. ముఖమున్న చోట బొటనవ్రేలి గోరంత కాగితపు ముక్క అంటించబడియుండెను. చిన్ననాటినుండి చూచుచున్న మాకు అది వింతగా తోచలేదు. అలవాటైన దానిని కన్ను ప్రశ్నింపదు గదా!

ఆయన సంఘపు కానుకల లెక్కలు చూచెడు పెద్ద. ఫోటో తీసిన మరుసటి యేట, పంట పండుగకు విశ్వాసులు తెచ్చిన ధాన్యములో రెండు బస్తాలు ఆయన తన యింటికి చేర్చుకొనెను. ఇంటిలో రోగమున్నది, తిండి లేదు. అయినను తప్పు తప్పే. ఆ ధాన్యము దేవునికి ఇయ్యబడినది. ఆయన దానికి కాపరి. పెద్దలు అడిగినప్పుడు ఆయన ఒప్పుకొనెను. ప్రభువు బల్లనుండి ఆయనను తప్పించిరి. ఆ దినములలోనే ఎవరో పెద్ద ఒక కాగితపు ముక్క కత్తిరించి, మైదాపిండి ఉడికించిన జిగురు పూసి, ఫోటోలోని ఆయన ముఖమును మూసివేసెను. దొంగిలించినవాని ముఖము మందిరపు గోడమీద ఉండరాదని ఆ కాలపు తలంపు.

తరువాతి పంటకు ఆయన రెండు బస్తాలకు మూడు బస్తాలు తెచ్చి మందిరపు అరుగుమీద దించెను. మినిట్సు పుస్తకములో ఆ మూడు బస్తాలు ముట్టినట్లు వ్రాసియున్నది. ఆయనను మరల బల్లకు చేర్చుకొన్నట్లు మాత్రము ఎక్కడను వ్రాసిలేదు. ఆయన బ్రదికినంత కాలము వాకిలి దగ్గరి చాపమీదనే కూర్చుండి, బల్ల ఆరాధన ఆరంభము కాగానే లేచి వెళ్ళిపోయెడివాడు. ధాన్యము పుచ్చుకొంటిమి గాని మనుష్యుని పుచ్చుకొనలేదు. కాగితపు ముక్కను ఎవరును తీయలేదు.

1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమను తుపాను కొట్టినప్పుడు మా మందిరపు పెంకులు లేచిపోయినవి. గోడమీది ఫోటోకు తడి తగిలి, ఆ కాగితపు ముక్క ఒక అంచున పైకి లేచినది. పటమును ఎండబెట్టినవారు మంచి మనస్సుతోనే దానిమీద సెల్లోటేపు ముక్క అంటించిరి. అతికించిన మనిషికి ఆ ముఖము ఎవరిదో తెలియదు. ఎందుకు మూసిరో తెలియదు. మూసియున్నది గనుక మరల మూసెను. కోపము చల్లారిపోయిన తరువాత కూడ కోపముతో చేసిన పని తనంతట తానే సాగుచుండుట మనము అనేక కుటుంబములలోను సంఘములలోను చూచుచున్నాము.

ఇప్పుడు క్రొత్త మందిరము కట్టితిమి. ప్రతిష్ఠ దినమునకు ఆ పాత ఫోటోను మంచి పటము కట్టించి గోడకు తగిలించవలెనని నిర్ణయించితిమి. పెట్టెలోనుండి తీసి బల్లమీద పరచినప్పుడు, స్త్రీల సమాజములోని ఒక సహోదరి దగ్గరకు వచ్చి, “అయ్యగారండీ, ఆ కాగితం కింద ఉన్నది మా తాతయ్యేనాండీ? మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదండి. ఉన్నవి ఎనభైయారు వరదలో పోయాయండి” అని అడిగెను. 1986 ఆగస్టులో భద్రాచలము దగ్గర గోదావరి 75.6 అడుగుల మట్టమునకు లేచిన ఆ వరద మన లంకలలో ఎన్ని యిండ్ల పెట్టెలను తీసికొనిపోయెనో పెద్దలకు జ్ఞాపకమే.

ఆమెకు ఉత్తరము చెప్పుటకు మా నోరు రాలేదు.

మొదటి కూటములో మినిట్సు పుస్తకము తెచ్చి చదివితిమి. తరువాత కొరింథు సంఘమునకు పౌలు వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయము చదివితిమి. అక్కడ ఒకడు తప్పు చేసియున్నాడు. సంఘములో ఎక్కువమంది కలిసి అతని శిక్షించిరి. శిక్షించుట తప్పని పౌలు అనలేదు. ఆ శిక్ష చాలునని అనెను. ఇక అతని క్షమించి ఆదరించుడి, లేనియెడల దుఃఖము అతనిని మింగివేయును, మీ ప్రేమను అతనికి మరల స్థిరపరచుడి అని బ్రతిమాలెను. మా పెద్దలు మొదటి సగము చేసిరి. రెండవ సగము మరచిరి. శిక్ష ఎక్కడ ఆగవలెనో తెలియని సంఘము న్యాయముగా ఆరంభించి అన్యాయముగా ముగించును. ఆ దినమున కాగితపు ముక్కను తీయవలెనని అందరమును ఏకమనస్సుతో ఒప్పుకొంటిమి.

ఎట్లు తీయవలెనన్నది రెండవ కూటమునకు వచ్చిన సంగతి. యౌవనస్థులు తడి దూదియు, స్పిరిటును, కిరసనాయిలును తెచ్చిరి. ముందుగా ముఖముమీద కాక, ఒక మూలన కొబ్బరిచెట్టు నీడ పడిన చోట తడి దూదితో మెల్లగా అద్ది చూచితిమి. క్షణములో దూదికి నల్లని రంగు అంటుకొనినది. ఫోటోలో ఆ చోట తెల్లని మచ్చ మిగిలినది. అందరమును చేతులు వెనుకకు తీసికొంటిమి. ఆ తెల్లమచ్చ నేటికిని ఉన్నది. అది మా తొందరపాటుకు గురుతు.

అప్పుడు ఆ ఫోటోను అమలాపురములో పాత ఫోటోల పని తెలిసిన ఒకరి యొద్దకు తీసికొనిపోయితిమి. ఆయన చెప్పినది విని మేము ఆశ్చర్యపడితిమి. ఆ కాలపు నలుపు తెలుపు ఫోటోలో క్రింద కాగితము, దానిమీద పలుచని తెల్లని పూత, దానిపైన జెలటిన్ పొర ఉండును. ఆ పొరలోనే వెండి సన్నని రేణువులుగా నిలిచి ముఖములను చూపించును. జెలటిన్ అనగా పశువుల ఎముకలను, చర్మములను ఉడికించి తీసినది. వడ్రంగులు పూర్వము వాడిన జిగురుకు అది చుట్టమే. నీరు తగిలినయెడల అది ఉబ్బి మెత్తబడును. మైదా జిగురును కరగించుటకు కావలసినదియు నీరే. పైన ముఖమును మూసినది జిగురే. క్రింద ముఖమును నిలిపినదియు జిగురే. ఒకదానిని వదలించు నీరు రెండవదానిని కూడ వదలించును.

ప్రియులారా, ఆ మాట విన్నప్పుడు గోధుమలను గురుగులను గూర్చిన ఉపమానము మాకు క్రొత్తగా అర్థమైనది. దాసులు గురుగులను పెరికివేతుమా అని అడిగిరి. యజమానుడు వద్దనెను. గురుగులు మంచివని కాదు. వేళ్ళు పెనవేసికొని యున్నవి, ఒకటి లాగినయెడల రెండవదియు వచ్చునని. మన వరి చేలలో కలుపు తీయు స్త్రీలకు ఈ సంగతి ఎవరును బోధింపనక్కరలేదు. ఊద మొక్కను లాగునప్పుడు ఒక చేతితో వరి మొదలు అదిమి పట్టుకొందురు. పట్టు చిక్కని చోట వదలివేయుదురు. అది సోమరితనము కాదు, పంటమీది ప్రేమ.

తీయగలిగినంత పొడిగానే తీయుట మేలని ఆ పనివాడు చెప్పెను. సెల్లోటేపు పైపొర అప్పటికే పెళుసై తనంతట తాను ఊడివచ్చినది. అరువది యేండ్ల మైదా జిగురు చాల చోట్ల ఎండి పొడియై యుండెను. కొంత భాగమును పురుగులు తినివేసియుండెను. పలుచని మొద్దుబారిన రేకును కాగితపు ముక్క క్రిందికి వెండ్రుకవాసి చొప్పున జరుపుచు, ఆయన ఒక పూటంతయు కూర్చుండి దానిని తీసెను. ముక్క వచ్చినది. రెండు కన్నులు కనబడెను. నోరు కనబడెను. చిరునవ్వును కనబడెను. పెంకులు వేసిన దినమున అందరితోపాటు ఆయనయు సంతోషించియున్నాడు. అయితే నుదుటిమీదను ఎడమ చెంపమీదను గోధుమరంగు పొక్కువలె జిగురు గట్టిగా అంటుకొని మిగిలినది. “ఇంక తియ్యనండి. దీంతోపాటు మొహం కూడా వచ్చేస్తాది” అని ఆయన చేయి ఆపెను.

మూడవ కూటమునకు వచ్చిన ప్రశ్న అది: ఆ మరకతోనే గోడకు తగిలింతుమా?

మాలో మూడు ఆలోచనలు బయలుదేరెను. క్షమించితిమి గనుక గురుతు మిగులరాదు, ఇంకొంచెము రుద్దవలెనని కొందరనిరి. ఆ ఆలోచనలో ప్రేమ ఉన్నది గాని ఓర్పు లేదు. మన మనస్సు శాంతించుటకై ఆయన ముఖమును మరల పోగొట్టుదుమా? మొదట కోపముతో మూసితిమి. ఇప్పుడు పశ్చాత్తాపముతో చెరిపివేయుదుమా? గాయపరచినవాడు తన మనస్సు తేలికపడవలెనని తొందరపడి, గాయపడినవానిని మరల నొప్పించుట లోకములో సాధారణమే. “నేను క్షమాపణ అడిగితిని గదా, ఇంకను నీ ముఖము ఎందుకు చిన్నబోయియున్నది?” అని అడుగుట కూడ అటువంటి రుద్దుటయే. నలిగిన రెల్లును విరువని సేవకుని గూర్చి యెషయా 42వ అధ్యాయములో చదువుచున్నాము. నలిగినదానిని నిటారుగా నిలుపవలెనని బలవంతముగా లాగినను అది విరుగును.

రెండవ ఆలోచన యేమనగా, కంప్యూటరులో మరక లేకుండ చేయించి, ఆ క్రొత్త ప్రతిని గోడకు తగిలించి, పాతదానిని పెట్టెలో పెట్టుదమని. నేటి దినములలో ఇది సులభమే. మరక క్రింద నున్న నుదురు ఎట్లుండెనో కంప్యూటరునకు తెలియదు. చుట్టునున్నదానిని చూచి ఊహించి నింపును. చూచుటకు బాగుండును. కాని ఆ ప్రతి గోడమీద ఉన్నయెడల మన పిల్లలకు ఏమి చెప్పును? ఈ సంఘములో ఎవరి ముఖమును ఎవరును ఎన్నడును మూయలేదని చెప్పును. అది అబద్ధము.

పరిశుద్ధ గ్రంథము అట్లు చేయదని మాకు జ్ఞాపకము వచ్చినది. దావీదు గొప్ప రాజు. అతని కీర్తనలు మనము పాడుచున్నాము. అయినను మత్తయి మొదటి అధ్యాయములో మన ప్రభువు వంశావళి వ్రాయుచు, ఊరియా భార్యగా నుండిన స్త్రీవలన దావీదు సొలొమోనును కనెనని వ్రాసెను. ఆమె పేరు వ్రాసి ఊరకుండవచ్చును. ఊరియా పేరు ఎత్తి, దావీదు చేసిన అన్యాయమును వంశావళిలోనే నిలిపెను. పేతురు ప్రభువును ఎరుగననుట నాలుగు సువార్తలలోను ఉన్నది. దేవుడు పాపమును క్షమించినప్పుడు చరిత్రను దిద్దివ్రాయడు, మనుష్యుని దిద్దును.

మూడవ ఆలోచన, ఈ గొడవ యెందుకు, ఫోటోను తగిలించుటయే మానుదమని. ఆ కుటుంబమునకు సిగ్గు, సంఘమునకు సిగ్గు అనిరి. ఇది మంచి మాటవలె వినబడును. అయితే దీనివలన మూసిన ముఖము మరల పెట్టెలోనికి పోవును. కాగితపు ముక్కకు బదులు పెట్టె మూత వచ్చును, అంతే.

ఎటును తేలక మేము ఆ సహోదరినే పిలిపించితిమి. అది మొదటనే చేయవలసిన పని. సంఘ పెద్దలకు అది చివరకు గాని తట్టదు. ఆమె ఫోటోను చాలసేపు చూచెను. తరువాత ఇట్లనెను: “ఉండనివ్వండి అయ్యగారండీ. తాతయ్య కనబడుతున్నాడు, చాలండి. ఆయన తీసుకున్నది ఆయన తిరిగిచ్చేశాడు. ఆ మరక ఆయనది కాదు కదండీ. అంటించినోళ్ళది.”

మేమందరమును మౌనముగా నుంటిమి. అంతవరకు మేము ఆ మరకను ఆయన తప్పునకు గురుతుగానే చూచితిమి. తుడువవలెనన్నవారును, దాచవలెనన్నవారును అట్లే చూచిరి. ఆమె చూపినది వేరు. ఆయన తప్పు ఆ ఫోటోమీద ఎక్కడను లేదు. ఫోటోలో ఆయన ముఖము తేటగానే పడినది. దానిమీద ఉన్నది మా జిగురు. ఆ మరక ఆయన దొంగతనమునకు సాక్ష్యము కాదు. క్షమింపని మా సంఘమునకు సాక్ష్యము. కావున దానిని ఉంచవలసినది ఆయనను సిగ్గుపరచుటకు కాదు, మాకు జ్ఞాపకము చేయుటకు.

పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల మధ్య నిలిచి సమాధానము చెప్పి, తన చేతులను ప్రక్కను చూపెనని యోహాను 20వ అధ్యాయములో వ్రాయబడియున్నది. పాపియైన మనుష్యుని ప్రభువుతో పోల్చుట మా ఉద్దేశము కాదు. అయితే ఒక సంగతి గమనింపుడి: మరణమును జయించిన శరీరములోనుండి ఆ గాయముల గురుతులు తీసివేయబడలేదు. ఆ గురుతులు ఆయన చేసిన తప్పువలన కలిగినవి కావు. మనుష్యుల చేతులు చేసినవి. అవి ఆయనను ఇక బాధింపలేదు. ఆయన వాటిని చూపినది నిందించుటకు కాదు, ఆయనే అని వారు ఎరుగుటకు. నొప్పి పోయినను గురుతు నిలిచియుండవచ్చునని ఇందువలన నేర్చుకొనుచున్నాము.

అట్లయిన ప్రతి మరకను ఉంచవలెనా? కాదు. ఇక్కడ ఫోటోల పనివాడు చెప్పిన రెండవ సంగతి మనకు ఉపయోగపడును. ఎండిన మైదా జిగురు, తడి తగులనీయకయు పురుగు పట్టనీయకయు చూచుకొన్నయెడల, ఉన్నచోటనే ఉండును. కొత్తగా చేయు హాని తక్కువ. సెల్లోటేపు జిగురు అటువంటిది కాదు. సన్నని పారదర్శకపు కాగితముతో చేసిన అట్టి టేపు అమెరికాలో 1930లో బయలుదేరినది. దానికి పూసిన రబ్బరు జిగురు మొదట జిడ్డుగా మారి కాగితములోనికి దిగును. తరువాత పసుపుబారి, గోధుమరంగై గట్టిపడును. పైపొర ఊడిపోయిన తరువాత కూడ లోపల దాని పని సాగుచునే యుండును. మా ఫోటో అంచున తెల్లని భాగములో ఇంకను జిడ్డుగా నున్న టేపు జిగురును ఆయన మెత్తని రబ్బరుతో ఉండలు చేసి ఓపికగా తీసివేసెను. అది ఆగినది కాదు గనుక ఉంచరాదనెను.

హృదయములోని సంగతులును ఇట్లే. చేసిన కీడు ఒప్పుకొనబడి, సరిచేయబడి, ఎండిపోయిన గురుతుగా మిగిలినయెడల దానితో మనము బ్రదుకవచ్చును. అది మనకు వినయము నేర్పును. అయితే పగ అట్టిది కాదు. ఆ కుటుంబముతో మాటలాడరాదు, ఆ యింటి పిల్లను చేసికొనరాదు అని పైకి చెప్పకుండ లోలోపల ప్రాకుచున్న చేదు ఎండిన మరక కాదు, జిడ్డు జిగురు. దానిని పాత సంగతి అని వదలరాదు. అది నేటి సంగతి. ఏది ఆగినదో, ఏది ఇంకను ప్రాకుచున్నదో తెలిసికొనుటకు జ్ఞానము కావలెను. ఆ జ్ఞానము అడుగువారికి దేవుడు ధారాళముగా ఇచ్చునని యాకోబు తన పత్రికలో వ్రాసెను.

మీ యిండ్లలోను పాత ఫోటోలు ఉండును గనుక మేము నేర్చుకొన్న కొన్ని జాగ్రత్తలను ఇక్కడ వ్రాయుచున్నాము.

1. ఫోటోమీద చేయి వేయుటకు ముందు దానిని స్కాను చేయించుడి. లేదా మంచి వెలుతురులో సెల్‌ఫోనుతో తేటగా తీసి ఉంచుడి. చేయి తప్పినను ముఖము దక్కును.

2. ఫోటో ముఖమువైపు నీరు, స్పిరిటు, కిరసనాయిలు వాడకుడి. చేతితో రంగులు అద్దిన పాత ఫోటోలలో రంగు పోవును. ఇంటి ప్రింటరులో తీసిన కొన్ని ఫోటోలు తడికి కారిపోవును. వెనుక సిరాతో వ్రాసిన పేర్లును చెదరిపోవును.

3. వెనుకవైపు ఎండియున్న అన్నము మెతుకులు, తుమ్మబంక, మైదా జిగురు గడ్డలుగా లేనియెడల వాటిని అట్లే వదలవచ్చును. గడ్డలున్నయెడల మెత్తని బ్రష్షుతో పొడిగా దులుపుడి. గోళ్ళతోను బ్లేడుతోను గీకకుడి.

4. అద్దమునకు ఫోటో తగులరాదు. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. జెలటిన్ మెత్తబడి అద్దమునకు అంటుకొనును. మధ్యలో అట్ట చట్రము పెట్టించుడి. ఇప్పటికే అంటుకొనియున్నయెడల లాగకుడి. అద్దముతోనే స్కాను చేయించుడి.

5. క్రొత్తగా జిగురు పూసి అట్టకు అంటింపకుడి. నాలుగు మూలల కాగితపు కొక్కెములలో దూర్చి నిలుపుడి. లామినేషను చేయింపకుడి, వేడితో అంటిన ప్లాస్టిక్‌ను మరల తీయుట కాదు. వెనుక చవుక గోధుమరంగు అట్ట కాక, ఆమ్లము లేని అట్ట దొరికినయెడల అదే వేయించుడి.

6. వానకు చెమ్మగిల్లు గోడకును, ఎండ పడు గోడకును తగిలింపకుడి.

ఈ జాగ్రత్తలన్నిటికి మూలము ఒక్కటే: మరల విప్పుకొనగలిగినట్లు చేయుడి. రేపు మనకంటె మంచి చేతులు, మంచి ఉపాయములు రావచ్చును. వారికి చోటు విడువవలెను. సంఘ క్రమశిక్షణకు కూడ ఇదియే సూత్రమని మేము ఎంచుచున్నాము. తప్పు చేసినవానిని శిక్షింపవలసి వచ్చినప్పుడు, మరల చేర్చుకొనుటకు వీలుగా శిక్షించుడి. తలుపు మూసినను మేకులు కొట్టకుడి.

చివరకు మేము చేసినది ఇది. కంప్యూటరులో మరక తీసిన ఒక ప్రతిని చేయించి, నుదుటి భాగము ఊహించి నింపినదని దాని వెనుక వ్రాసి, ఆ సహోదరికి ఇచ్చితిమి. మా మరకను ఆ కుటుంబము తమ యింటి గోడమీద మోయనక్కరలేదు. అసలు ఫోటోను మరకతోనే పటము కట్టించి మందిరములో తగిలించితిమి. దానిని మోయవలసినది మేము. మినిట్సు పుస్తకములో మూడు బస్తాలు ముట్టినవని వ్రాసిన పుటకు ఎదురుగా, ఈ సహోదరుని సంఘము క్షమించి తన సహవాసములో చేర్చుకొనుచున్నదని వ్రాసి, పెద్దలందరమును సంతకములు చేసితిమి. ఆయన ప్రభువునొద్దకు వెళ్ళి చాల యేండ్లైనది. మా క్షమాపణ ఆయనకు అక్కడ అవసరము లేదు. ప్రభువు ఆయనను తన బల్లకు ఎప్పుడో చేర్చుకొనియుండునని నమ్ముచున్నాము. ఆలస్యమైనది మేమే.

ప్రతిష్ఠ ఆదివారమున బల్ల ఆరాధన ఆరంభమైనప్పుడు వాకిలి దగ్గర ఒక చాప ఖాళీగా వేసియుంచవలెనని ఒకరనిరి. ఆ సహోదరి వద్దనెను. “ముందుకు వెయ్యండి” అనెను. ఆమె తన పిల్లలతో మొదటి వరుసలో కూర్చుండెను.

ప్రియ చదువరీ, మీ సంఘములో వాకిలి దగ్గర ఇప్పుడు కూర్చున్నవారు ఎవరు? వారు బ్రదికియుండగానే లేచి వారి యొద్దకు వెళ్ళుడి. మా సంఘము అరువది యేండ్లు ఆలస్యము చేసి, ఒక కాగితముతో మాటలాడవలసి వచ్చినది. మీకు అట్లు కాకుండును గాక.

ప్రార్థన: ప్రభువా, మేము మూసిన ముఖములను మాకు చూపుము. మూయుటకు తొందరపడిన మా చేతులకు విప్పుటలో ఓర్పు నేర్పుము. ఎక్కడ ఆపవలెనో తెలియజేయుము. మా మరకను మేము ఒప్పుకొని, మా సహోదరుని ముఖమును తేటగా చూచు కృపను దయచేయుము. ఆమేన్.